డియోరిస్సిమో: సీసా అడుగుకొచ్చాక

నాలుగేళ్ల కింద మా ఆడపడుచు పారిస్ నుంచి వస్తూ డియోర్ కంపెనీ సెంటు డియోరిస్సిమో తెచ్చిచ్చింది. ఓ ద టాయిలెట్, అంటే పలచటి రకం సెంటు, వంద మిల్లీలీటర్ల సీసా. ఇప్పుడు అడుగున రెండు వేళ్ల మందం మిగిలింది. అదీ అయిపోయేలోగా రాసేద్దామని కూర్చున్నాను.

మొదట్లో నాకిది నచ్చలేదు. మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో చీరల మధ్య మొగలిరేకు ఉండేది. మూత తీస్తే వీధిగుమ్మం దాకా తెలిసేది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశా గంజాం జిల్లా మొగలి అత్తరుకే పేరు కదా, మా వైపు ముక్కులకు ఆ ఘాటే అలవాటు. దాని ముందు ఇది నీళ్లలా అనిపించింది. మా అత్తగారయితే "ఈ నీళ్లకా అమ్మా అంత డబ్బు?" అనేశారు.

ఒకరోజు పొద్దున్నే గంటస్తంభం దగ్గర పూలమ్మే ఆవిడ బుట్ట మీది తడిగుడ్డ తీసింది. కింద ఇంకా విచ్చని మల్లెమొగ్గలు. పూల వాసన కంటే ముందు తడి, పచ్చి కాడ, అరటినార వాసన వచ్చాయి. నా మణికట్టు మీద ఉన్నదీ అదే కదా అనిపించింది. విరిసిన పూలు కాదు, మొగ్గలు. అప్పటినుంచి దీన్ని విడిచిపెట్టలేదు.

నిజానికి ఇది మల్లె కాదు. లిలీ ఆఫ్ ది వ్యాలీ అనే చలిదేశపు పువ్వు, చిన్న తెల్లటి గంటల్లా వేలాడుతుంది. ఫ్రాన్సులో మే ఒకటిన ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఆ కంపెనీ పెట్టిన ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్‌కి అదృష్టపు పువ్వు కూడా. తమాషా ఏమిటంటే, ఈ పువ్వు నుంచి మామూలు పద్ధతుల్లో పెర్ఫ్యూమ్‌లో వాడుకోదగ్గ నూనె రాదు. అందుకని వాసనను వేరే పదార్థాలతో కట్టుకోవాల్సిందే. 1956లో సెంట్లు కట్టే ఎడ్మోన్ రుద్నిట్‌స్కా చేసింది ఆ పనే. మొక్కల్ని తన తోటలో వేసుకుని, వాసన చూస్తూ చూస్తూ కట్టాడట. ఈ రకం వాసనకు మూలస్తంభం హైడ్రాక్సీసిట్రొనెలాల్ అనే కృత్రిమ సుగంధ పదార్థం. సబ్బుల్లోనూ చాలాకాలంగా వాడేదే. అందుకే కొందరికి ఇది "మంచి సబ్బు వాసన"లా తోస్తుంది. తప్పేం లేదు.

మరి సబ్బుకీ దీనికీ తేడా ఎక్కడ? కొట్టుకున్న పది నిమిషాలు ఆకు తుంచినట్టు పచ్చిగా, కొంచెం నిమ్మజాతి పులుపుగా ఉంటుంది. తర్వాత పువ్వు మెల్లగా పైకొస్తుంది. దాని అడుగున మల్లెజాతి వాసన ఉంది, అందులో ఇండోల్ అనే రసాయనం ఛాయ. రాత్రి జడలో పెట్టుకున్న మల్లెలు తెల్లారేసరికి వాడి, కొంచెం మురిగినట్టు వాసన వేస్తాయే, అదీ ఇండోల్. వేలెడంత ఎక్కువైతే ముక్కు మూసుకోవాలి, చిటికెడు తగిలితే పువ్వుకు ప్రాణం వస్తుంది. నేను కెమిస్ట్రీ చెప్పే మనిషిని కాబట్టి ఇక్కడ కొంచెం ఆగిపోతాను, ఏమనుకోకండి. చివర్లో మిగిలేది మెత్తటి, పలచటి చెక్క వాసన.

మన ఉక్కలో ఎలా వాడాలో నాకు తెలియడానికి రెండు వేసవులు పట్టింది. మే నెలలో చర్మం మీద రెండు గంటలు నిలిస్తే గొప్ప, ఏ తేలిక సెంటైనా అంతే. నూలు రవిక మీద లోపలి వైపు కొడితే సాయంత్రం కాలేజీ బెల్లు దాకా వస్తుంది. పట్టు మీద మాత్రం వద్దు, మరక పడుతుంది. దీనికి అసలు కాలం పుష్యమాసం పొద్దుటిపూట. నేను చేసిన తప్పొకటి చెప్పాలి. సీసాను కిటికీ గట్టు మీద పెట్టాను. ఒక్క వేసవికే రంగు ముదిరి, మొదటి పచ్చిదనం చచ్చిపోయింది. ఇప్పుడు బీరువాలో చీరల కింద, అట్టపెట్టెలోనే ఉంచుతున్నాను.

మధ్యలో తక్కువ ధరని ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర ఇంకో సీసా తెప్పించాను. మూత తీస్తే ఘాటు స్పిరిటు, వెనకాల బెల్లంపాకం. నకిలీ. గొడవపడితే డబ్బు వెనక్కి వచ్చింది.

మొన్న అదే పూలావిడ నా జడ వెనక్కి తొంగిచూసి, "ఏటమ్మా, పువ్వులెట్టుకున్నట్టు వాసనొస్తంది, జడలో సూస్తే ఏటీ నేదు!" అంది. మొహమాటపడి రెండు మూరలు కొని పెట్టుకున్నాను. బస్సెక్కేలోపే మల్లెలు దీన్ని మింగేశాయి. కాబట్టి పూలు పెట్టుకునే రోజు ఇది కొట్టుకోవడం దండగ. పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం రోజు అసలే వద్దు, ఆ జనంలో పసుపూ, మల్లెలూ, చెమటా తప్ప ఇంకేదీ తెలియదు.