యోకొహామానా, కోబేనా? ఉన్నది ఒక్క రోజే అయితే ఏది మేలు?

జపాన్ వెళ్ళే మనవాళ్ళ ప్రయాణంలో టోక్యో, క్యోటో, ఒసాకా ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య మిగిలిన ఒక్క రోజును ఏదైనా రేవు పట్టణానికి కేటాయించాలనుకుంటే యోకొహామా, కోబే పేర్లు ముందుగా వినిపిస్తాయి. విదేశీ ఓడల కోసం యోకొహామా రేవును 1859లోనూ, కోబే రేవును 1868 జనవరి 1వ తేదీనా తెరిచారు. రెండు చోట్లా చైనాటౌన్ ఉంది, తెల్లదొరల పాత ఇళ్ళున్న మెరక ఉంది, ఓడలను చూస్తూ కూర్చోవడానికి ఒడ్డున పార్కూ ఉంది. ఇన్ని పోలికలు చూసి, ఒకటి చూస్తే రెండవది చూసినట్టేనని చాలామంది అనుకుంటారు గానీ, అది నిజం కాదు.

సౌకర్యమే ప్రధానమైతే యోకొహామాకు సాటి లేదు. టోక్యో స్టేషన్ నుంచి రైలులో అరగంట కూడా పట్టదు. జపాన్ తొలి రైలుమార్గం 1872లో టోక్యోలోని షింబాషి నుంచి ఇక్కడికే వేశారు. ఆనాటి యోకొహామా స్టేషన్ ఉన్నచోటే నేటి సకురాగిచో స్టేషన్ ఉంది. అక్కడ దిగి సముద్రం వైపు నడక మొదలుపెడితే, 1910ల నాటి ఎర్ర ఇటుకల గిడ్డంగులు, 112.5 మీటర్ల ఎత్తున్న జెయింట్ వీల్, యమషితా పార్కు ఒడ్డున 1961 నుంచి లంగరు వేసి ఉన్న హికావా మారు అనే పాత ప్రయాణికుల ఓడ వరుసగా ఎదురవుతాయి. పిల్లలు వెంట ఉంటే కప్ నూడుల్స్ మ్యూజియం ఒక్కటే పూటంతా పట్టేస్తుంది. నా మటుకు నాకు వీటన్నిటికన్నా ఓసాన్‌బాషి జెట్టీయే నచ్చుతుంది. ప్రయాణికుల టెర్మినల్ పైకప్పునే చెక్క పలకలు పరిచిన నడకదారిగా మలిచారు. మెట్లతో పని లేకుండా, నేల అలలా లేస్తూ దిగుతూ సముద్రంలోకి సాగుతుంది. స్థానికులు దానికి తిమింగలం వీపు అని పేరు పెట్టుకున్నారు.

కోబే స్వరూపం వేరు. ఉత్తరాన 931 మీటర్ల వరకు లేచిన రొక్కో కొండలు, దక్షిణాన సముద్రం, మధ్య ఇరుకైన పట్టీలా ఊరు. అందుకే ఇక్కడివారు దారి చెప్పేటప్పుడు ఉత్తరం, దక్షిణం అనరు. కొండవైపు, సముద్రంవైపు అంటారు. కైలాసగిరి ఎక్కి విశాఖ తీరాన్ని చూసినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. షిన్‌కోబే స్టేషన్‌లో బుల్లెట్ రైలు దిగి, వెనుకవైపు దారి పట్టి కాసేపు ఎక్కితే చాలు, నునోబికి జలపాతం ముందు నిలబడతాము. మరో దిక్కున రేవు ఒడ్డున, ఢమరుకంలా నడుము సన్నగిల్లిన 108 మీటర్ల ఎర్రని పోర్ట్ టవర్ 1963 నుంచి ఊరికి గుర్తుగా నిలిచి ఉంది.

ఈ రెండు ఊళ్ళ మధ్య అసలు తేడా భూకంపాలను గుర్తుంచుకున్న తీరులో ఉంది. 1923 సెప్టెంబరు 1న యోకొహామా నేలమట్టమైంది. ఆ శిథిలాలనే సముద్రంలో పోసి, ఆ పూడిక మీద 1930లో యమషితా పార్కును తెరిచారు. అక్కడ గులాబీల మధ్య ఫొటోలు దిగేవారిలో ఎక్కువమందికి తమ కాళ్ళ కింద పాత ఊరు ఉందన్న సంగతే తెలియదు. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5:46కు వచ్చిన భూకంపం 6,400 మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు, కోబే రేవును బాగుచేసుకుంటూనే, మెరికెన్ పార్కులో సుమారు 60 మీటర్ల జెట్టీని మాత్రం విరిగినది విరిగినట్టే వదిలేసింది. ఒరిగిన దీపస్తంభాలు, కుంగిన కాంక్రీటు పలకలు, వాటి సందుల్లో తొణికే నీళ్ళు అలాగే ఉన్నాయి. పక్కనే పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. అప్పట్లో కోబే దగ్గర సముద్రం మీద నిర్మాణంలో ఉన్న ఆకాషి వంతెన స్తంభాలు కూడా ఆ కుదుపుకు జరిగి, 1,990 మీటర్లుగా అనుకున్న, రెండు స్తంభాల మధ్య నిడివి 1,991 మీటర్లయింది.

1923 నాటి భూకంపం కథలో మనవాళ్ళకూ భాగముంది. యోకొహామాలో పట్టు వ్యాపారం చేసే భారతీయులు, ముఖ్యంగా సింధీలు, ఆ విపత్తు తర్వాత చాలామంది కోబేకు తరలిపోయారు. ఆపత్కాలంలో ఆదుకున్న యోకొహామా ప్రజలకు కృతజ్ఞతగా భారతీయులు కట్టించిన, గుమ్మటం కప్పిన నీటి మండపం యమషితా పార్కులో ఒక మూలన ఉంది. తరలిపోయినవారి జాడ కోబేలోని కితానో మెరక మీద కనిపిస్తుంది: అక్కడ పాలరాతి జైన దేవాలయం ఉంది, కొంచెం దిగువన 1935లో కట్టిన, జపాన్‌లోకెల్లా తొలి మసీదు ఉంది, ఆ చుట్టుపక్కల భారతీయ భోజనశాలలూ ఉన్నాయి. కోబే పేరు చెబితే లోకానికి గొడ్డుమాంసమే గుర్తుకొస్తుంది గానీ, శాకాహారి పస్తుండాల్సిన పని లేదు.

బస టోక్యోలో ఉండి, చిన్నపిల్లలో పెద్దవాళ్ళో వెంట ఉంటే యోకొహామాయే సరి; ఒక్క రోజు కోసం బుల్లెట్ రైలులో రెండున్నర గంటలకు పైగా కోబే దాకా పోవడం డబ్బుకూ ఒంటికీ భారమే. కానీ ఒసాకా వరకు ఎలాగూ వెళ్ళేవారు కోబేను వదులుకోవద్దని నా అభిప్రాయం. ఒసాకా నుంచి కోబే నడిబొడ్డున ఉన్న సన్నోమియా స్టేషన్‌కు రైలులో ఇరవై నిమిషాల పైచిలుకు ప్రయాణమే. ఉదయం కితానో, మధ్యాహ్నం మెరికెన్ పార్కు చూసి, పొద్దుగూకే వేళకు కేబుల్ కారు, ఆపైన రోప్‌వే ఎక్కి మాయా కొండ మీది కికుసేదాయికి చేరుకుంటే మంచిది. చుక్కలను దోసిలి పట్టే అరుగు అని ఆ పేరుకు అర్థం. రేవు దీపాలన్నీ దాని కిందనే పరుచుకుని ఉంటాయి. రోప్‌వే నడవని రోజులుంటాయి కాబట్టి, దిగి వచ్చే చివరి బండి వేళతో పాటు ఆ సంగతి కూడా ముందే కనుక్కుని ఎక్కాలి.