పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ: నేను వెళ్ళిన క్లినిక్ ఎలా ఉందంటే

దగ్గినా, తుమ్మినా, నీళ్ళ బకెట్ ఎత్తినా మూత్రం చుక్కలు పడే ఇబ్బంది నాకు రెండో కాన్పు నుంచీ ఉంది. ఎవరికి చెప్పుకున్నా "ఆడవాళ్ళకి ఇది మామూలేనమ్మా" అనేవారు. మామూలు కాదండీ, నయం చేసుకోదగ్గదే. మా గైనకాలజిస్టు పంపితే కాకినాడలో ఈ క్లినిక్‌కి వెళ్ళాను.

ఫిజియో మేడమ్ మొదటి రోజు సగం సమయం వివరించడానికే కేటాయించారు. నాకు బాగా నచ్చింది అదే. మూత్రాశయం నిండుతుంటే దాని గోడలోని డెట్రూసర్ కండరం బిగుసుకోకుండా సాగుతూ చోటిస్తుందట. కింద మూత్రనాళం చుట్టూ ఉన్న స్ఫింక్టర్ అనే బిగింపు కండరం మాత్రం మూసుకునే ఉంటుంది. 150-200 మి.లీ. చేరేసరికి మెదడుకి మొదటి కబురు అందుతుంది, పెద్దవాళ్ళకి 400-500 మి.లీ. దాకా పడుతుంది. బయటి స్ఫింక్టరూ, కటి అడుగున ఊయలలా పరుచుకున్న కండరాలూ (పెల్విక్ ఫ్లోర్ అంటే ఇవే) మన చెప్పుచేతల్లో ఉంటాయి. దగ్గగానే పొట్టలోని ఒత్తిడంతా మూత్రాశయం మీద పడుతుంది. కాన్పుల్లో సాగిపోయిన ఆ కండరాలు సమయానికి బిగుసుకోకపోతే చుక్కలు పడతాయి.

తర్వాత బయోఫీడ్‌బ్యాక్, అంటే మన కండరం ఎలా బిగుస్తోందో తెర మీద మనకే చూపించే పద్ధతి. గది తలుపు వేసి, నా అనుమతి అడిగి, సెన్సర్ పెట్టారు. తెర మీద రెండు గీతలు. పొట్ట బిగిస్తే పై గీత లేస్తుంది, అసలు కండరం బిగిస్తే కింది గీత. పైది కదలకుండా కిందిదాన్ని లేపాలి. "గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికీ పైకీ లాగండి, ఊపిరి బిగపట్టకండి, వదిలేటప్పుడు పూర్తిగా వదలండి" అని పక్కనే ఉండి చెప్పారు. 1948లో కెగెల్ అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామాలే ఇవి. వీడియోలు చూసి చేసుకోవచ్చు కదా అంటారేమో, బిగించేది సరైన కండరమో కాదో వీడియో చెప్పదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయవద్దని కూడా గట్టిగా చెప్పారు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది తుమ్ముకి ముందే బిగించడం. మూడు నెలలు విడవకుండా చేయమన్నారు, చేశాను. ఇప్పుడు ప్యాడ్ లేకుండా బస్సెక్కుతున్నాను. బరువెత్తితే ఎప్పుడైనా ఒకటీ అరా పడుతున్నాయి.

లోపం రిసెప్షన్‌లో ఉంది. అందరి ముందూ "ఏం ప్రాబ్లమండీ?" అని గట్టిగా అడుగుతారు. ఇలాంటి సమస్యతో వచ్చినవాళ్ళకి ఒక కాగితం ఇచ్చి రాయమంటే చాలు. బయోఫీడ్‌బ్యాక్ ఫీజు వేరేగా తీసుకుంటారు, ముందే అడగండి. మూత్రంలో మంట గానీ రక్తం గానీ ఉంటే మాత్రం మొదట డాక్టరుకే చూపించుకోండి.