డబ్బు కట్టి నేపాల్ అనాథాశ్రమంలో వాలంటీరింగ్‌కి వెళ్దామనుకుంటున్నారా? ఆగండి

నిన్న రాత్రే విజయవాడలో దిగాను, బ్యాగ్ కూడా విప్పలేదు, కానీ ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. "నాలుగు వారాలు ఫారిన్‌లో సేవ చేయండి, కొత్త మనిషిగా తిరిగి రండి" అని ఇన్‌స్టాలో రీల్స్ వేస్తుంటారు చూడండి, హైదరాబాద్‌లో ఆఫీసు ఉన్నవాళ్ళు, ఆ రీల్స్ చూసినవాళ్ళకి ఎవరో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. వాళ్ళకే కట్టాను 62 వేలు. నాన్న చీటీ పాడి ఇచ్చిన డబ్బు. బీటెక్ అయిపోయింది, జాయినింగ్‌కి టైముంది, ఒక్కసారి ఇంట్లోంచి బయటపడి నా పనులు నేనే చూసుకుంటూ నలుగురికి పనికొచ్చేది చేద్దామని వెళ్ళా.

రప్తీసాగర్ రైల్లో గోరఖ్‌పూర్, అక్కణ్ణుంచి సునౌలీ బోర్డర్, మళ్ళీ రాత్రంతా బస్సు. భక్తపూర్ దగ్గర హోమ్, 18 మంది పిల్లలు. మొదటి వారం నిజంగా బాగుంది. పొద్దున్నే ఆడపిల్లలకి జడలేసేదాన్ని, లెక్కలు చెప్పేదాన్ని, రాత్రి దాల్‌భాత్ వడ్డించేదాన్ని.

వెళ్ళేటప్పుడు విజయవాడ బీసెంట్ రోడ్‌లో క్రేయాన్ డబ్బాలు, పెన్సిళ్ళు కొనుక్కెళ్ళా. నా చేత్తోనే ఒక్కొక్కరికి ఇచ్చా, ఫొటోలు తీశారు. మర్నాటికి ఏ పిల్ల చేతిలోనూ లేవు. అడిగితే జాగ్రత్తగా లోపల పెట్టామంది హోమ్ నడిపే ఆవిడ. సరేలే అనుకున్నా. పదో రోజు రీచార్జ్ కోసం సందు చివర కొట్టుకెళ్తే అద్దాల బీరువాలో క్రేయాన్ డబ్బా. దాని మీద తెల్ల స్టిక్కర్, స్టిక్కర్ మీద తెలుగులో మన బీసెంట్ రోడ్ షాపు పేరు, కింద పెన్నుతో 55 అని రేటు. భక్తపూర్‌లో తెలుగు అక్షరాలు ఎక్కణ్ణుంచొస్తాయండీ! 150 నేపాలీ రూపాయలు అన్నాడు కొట్టాయన, మన డబ్బుల్లో 94. నేను తెచ్చిన డబ్బా నేనే మళ్ళీ కొనుక్కుని వచ్చా, దారంతా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి ఆ డబ్బా ఒక బాబుకిచ్చా, తొమ్మిదేళ్ళుంటాయేమో. కొండ వేశాడు, ఇల్లు వేశాడు, ఇంటి ముందు ఒక మనిషిని వేశాడు. ఎవర్రా అంటే "ఆమా" అన్నాడు. ఫైల్లో తల్లి చనిపోయిందని రాసుంది! వచ్చీరాని హిందీలో చెప్పాడు, అమ్మ హుమ్లాలో ఉందట, స్కూల్లో వేస్తామని ఎవరో తీసుకొచ్చారట, దశైంకి, అంటే వాళ్ళ దసరాకి, వస్తానందట, రెండు దశైంలు అయిపోయాయట. హుమ్లా అంటే ఎక్కడో టిబెట్ బోర్డర్‌లో ఉన్న జిల్లా, అక్కడి ముఖ్య ఊరు సిమికోట్‌కి ఎక్కువగా చిన్న విమానాల్లోనే వెళ్తారు. ఆ తల్లి ఎలా వస్తుంది?

తెల్లారగానే ఆవిణ్ణి అడిగేశా. ఆవిడ టీ తాగుతూ, కప్పు కూడా కింద పెట్టకుండా అన్న మాట ఇది: "సేవకొచ్చారు, సేవ చెయ్యండి. ఉండలేకపోతే వెళ్ళండి, మీలాంటివాళ్ళు నెలనెలా వస్తూనే ఉంటారు." హైదరాబాద్‌కి ఫోన్ చేస్తే "మేడమ్, ఫొటోలు బాగానే వచ్చాయిగా, సర్టిఫికేట్ మెయిల్ చేస్తాం, మిగతావి మీకెందుకు" అన్నాడు. రిఫండ్ అనగానే బ్లాక్ చేశాడు.

ఇప్పుడు చదువుతుంటే తెలుస్తోంది, నేపాల్ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో దాదాపు 85 శాతం మందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని యూనిసెఫ్ ఎప్పుడో చెప్పింది. ఆస్ట్రేలియా అయితే 2018లోనే ఆధునిక బానిసత్వం మీద చట్టం తెస్తూ ఈ అనాథాశ్రమాల దందాని కూడా దాని కిందకే లెక్కేసింది. ఇదంతా నెట్‌లో ఉంది. మూడు నెలలు రీల్స్ చూసిన నేను పది నిమిషాలు ఇది వెతకలేదు. నా పాస్‌పోర్ట్ కాపీ తప్ప ఎవరూ ఏమీ అడగలేదు, పిల్లలున్న ఇంట్లో ఎవరో తెలియని మనిషిని పడుకోబెడుతున్నారే అని అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు. డబ్బు పోయినందుకు కాదు నా ఏడుపు. నాలాంటివాళ్ళు కట్టే డబ్బు కోసమే ఆ బాబుని తల్లి దగ్గరికి పంపట్లేదు, అందులో నాదీ 62 వేలుంది. నేను ఎదగడానికి వెళ్ళి వాణ్ణి అక్కడ కట్టిపడేసినదాన్నయ్యా.

వచ్చే ముందు నేపాల్ చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి అంతా చెప్పా. ఇక్కడ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో పొద్దున్నే కంప్లయింట్ పెట్టా.

వెళ్ళాలనుకునేవాళ్ళు పిల్లల హోమ్ అంటే మాత్రం అసలు ఒప్పుకోవద్దు, ఎంత మంచిగా మాట్లాడినా. యూఎన్ వాలంటీర్స్ లాంటివి మన దగ్గర ఫీజు తీసుకోవు, వాళ్ళే ఖర్చులకి అలవెన్స్ ఇస్తారు, అటు చూడండి. ఈ ఏజెన్సీకే డబ్బు కట్టి ఇంకా బయల్దేరనివాళ్ళుంటే నాకు మెసేజ్ చెయ్యండి, రసీదులు, ఆ స్టిక్కర్ ఫొటో అన్నీ పంపిస్తా.