పాత నాణేల గ్రూపుల్లో పెద్దల పేరుతో నకిలీ ఖాతాలు: కొనేవారు జాగ్రత్త

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో పాత నాణేలు సేకరించే మిత్రులందరికీ ఈ సంగతి వెంటనే తెలియాలని రాస్తున్నాను. మనలో చాలామంది సభ్యులుగా ఉన్న ఒక ఫేస్‌బుక్ గ్రూపులో, గుంతకల్లు వైపు ఉండే ఒక సీనియర్ సేకరణదారు పేరునూ ఫోటోనూ ఉన్నవి ఉన్నట్టు పెట్టుకొని ఎవరో నకిలీ ఖాతా తెరిచారు. ఆయన పోస్టుల కింద ‘నాకు కావాలి’ అని రాసినవారిని ఏరి, ఒక్కొక్కరికీ విడిగా సందేశం పంపి, అడ్వాన్సు పేరుతో డబ్బు లాగుతున్నారు. నా దగ్గర 2,000 రూపాయలు తీసుకున్నారు. ధర్మవరం, ఆదోని మిత్రులకు కూడా అవే మాటలతో సందేశాలు వచ్చాయని తరువాత తెలిసింది.

ఆ పెద్దాయన తన దగ్గరున్న ఆరో జార్జి కాలపు 1939 వెండి రూపాయి ఫోటోను గ్రూపులో పెట్టారు. అమ్మకానికి కాదు, చూపించడానికే. 1938 నాటి రూపాయి తేలికగానే దొరుకుతుంది గానీ 1939ది అరుదు కాబట్టి, కింద చాలామంది ధర అడిగారు, నేనూ అడిగాను. అదే రోజు రాత్రి ఆయన పేరుతో, ఆయన ఫోటోతో మెసెంజర్‌లో సందేశం వచ్చింది. తన దగ్గర అలాంటిదే రెండోది ఉందని, గ్రూపులో చెబితే అందరూ అడుగుతారు కాబట్టి విడిగా చెబుతున్నానని, 2,000 పంపితే నాకోసం తీసిపెడతానని అందులో ఉంది. చెప్పిన ధర బజారులో పలికేదానిలో సగం కూడా లేదు. యూపీఐ ఐడీ కొట్టగానే తెరమీద వేరే రాష్ట్రపు పేరొకటి కనిపించింది. అదేమిటని అడిగితే ‘మా అల్లుడి ఖాతా’ అని క్షణంలో జవాబు వచ్చింది.

డబ్బు చేరిన తరువాత స్పీడ్ పోస్టు రసీదు ఫోటో పంపారు. ఆ రసీదు నిజమైనదే. రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర దేశం గుర్తుగా మళ్లీ రెండు అక్షరాలు, అన్నీ సరిగానే ఉన్నాయి. తపాలా శాఖ ట్రాకింగ్‌లో ఆ నంబరు వేసి చూస్తే మాత్రం, ఆ కవరు ఎప్పుడో వేరే ఊరిలో వేరెవరికో అందిపోయింది. అంటే ఎవరిదో పాత రసీదును ఫోటో తీసి, కొన్న ప్రతివారికీ అదే చూపిస్తున్నారన్నమాట. ఆ సంగతి అడిగేలోపే, పాత నాణెం కాబట్టి ఇన్సూరెన్సు కింద మరో 3,500 కడితేనే పార్సెల్ కదులుతుందని రాశారు. కట్టనని చెప్పిన వెంటనే నన్ను బ్లాక్ చేశారు. మర్నాడు అసలు పెద్దాయనకు ఫోను చేస్తే, పాపం ఆయనకు తన పేరుతో రెండో ఖాతా ఉందన్న సంగతే తెలియదు.

ఈ తరహా నకిలీని పట్టుకోవడానికి పేరు, ఫోటో చూస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే ఎత్తుకుపోయేది ముందుగా వాటినే. ఎత్తుకుపోవడానికి వీలుకానిది ఆ మనిషి గ్రూపులో గడిపిన కాలం. గ్రూపులో ఉండగా ఒకరి పేరుమీద నొక్కితే, ఆయన ఎప్పుడు చేరారో, ఆ గ్రూపులో ఇంతవరకు ఏమేమి పోస్టు చేశారో కనిపిస్తుంది. అసలు ఖాతాలో ఏళ్ల తరబడి పెట్టిన నాణేలు, వాటి కింద జరిగిన వాదనలు, నాణెం ఎక్కడ ముద్రించారో చెప్పే ఫలానా టంకశాల గుర్తు తప్పని ఆయన దిద్దిన సందర్భాలు అన్నీ ఉంటాయి. నకిలీ ఖాతా ఈమధ్యే చేరి ఉంటుంది, లేదా అసలు సభ్యుడే అయి ఉండదు. ప్రొఫైల్ లింకు కూడా రెండు ఖాతాలకు ఒకటి కాజాలదు కాబట్టి, అక్షరాలో అంకెలో ఎక్కడో ఒకచోట తేడా దొరికి తీరుతుంది. ప్రొఫైల్‌కు తాళం వేసి ఉన్నంత మాత్రాన దొంగ అనుకోనక్కరలేదు, మన ఆడపడుచులు చాలామంది అలాగే పెట్టుకుంటారు. తాళం వేసుకున్న మనిషి అమ్మకానికి తనంతట తాను ఇన్‌బాక్స్‌లోకి వచ్చినప్పుడే అనుమానించాలి.

ఆ పెద్దాయన ఎప్పుడూ వేళ్లతో రాయరు. ఎవరు ఏమి అడిగినా సావకాశంగా వాయిస్ మెసేజ్ పంపుతారు. నాకు వచ్చిన సందేశాలన్నీ టైపు చేసినవే, అదీ యంత్రం అనువదించినట్టుండే తెలుగులో. ‘మీ ఆర్డర్ ధృవీకరించబడినది, దయచేసి ముందస్తు మొత్తాన్ని త్వరితంగా చెల్లించబడవలెను’ అని ఒక వాక్యం ఉంది. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి నాణెం గురించి మాట్లాడేటప్పుడు ఇలా రాయడు. ఒక్కసారి ఫోనులో మాట్లాడదామంటే, ఆస్పత్రిలో ఉన్నానని, సిగ్నల్ లేదని తప్పించుకున్నారు.

అన్నింటికంటే నమ్మదగిన పరీక్ష మరొకటి ఉంది. నాణెం చేతిలో ఉన్నవాడు మాత్రమే చేయగలిగిన చిన్న పని ఏదైనా అడగాలి. ఆ రోజు దినపత్రిక జిల్లా పేజీమీద నాణెం పెట్టి ఫోటో తీయమనండి. పక్కన చిన్న తూకం పెట్టి, ముఖంవైపు, వెనుకవైపు, అంచు కనిపించేలా తిప్పుతూ వీడియో తీయమనండి, కుదిరితే వీడియో కాల్‌లోనే చూపించమనండి. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి ప్రామాణిక బరువు 11.66 గ్రాములు. వాడకంలో అరిగి కొంచెం తగ్గవచ్చు గానీ, పది గ్రాములకు దిగిందంటే ఆలోచించవలసిందే. వెండి అయస్కాంతానికి అంటుకోదు. వెనుక పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్ కాబట్టి అంటుకుంటుంది, దాన్ని వెండి అని అమ్మేవారూ ఉన్నారు. 1939 విషయంలో మాత్రం బరువు సరిపోయినంత మాత్రాన నమ్మరాదు, ఎందుకంటే 1938 రూపాయి మీద చివరి 8ని చెక్కి 9గా మార్చే పనితనం పాతదే. ఆ అంకెను దగ్గరగా తీసిన ఫోటో లేకుండా బేరం మొదలుపెట్టవద్దు. నిజంగా నాణెం ఉన్న మనిషి ఇవన్నీ విసుక్కుంటూనైనా చేస్తాడు. నేను అడిగిన ప్రతిసారీ, గ్రూపులో అంతకుముందు పెట్టిన ఆ పాత ఫోటోనే తిరిగి వచ్చింది. ఫోటో ఎక్కడిదో తెలియనప్పుడు గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, చాలాసార్లు ఏదో వేలం కంపెనీ కేటలాగులో తేలుతుంది.

మరో తరహా నకిలీలు కొనుగోలుదారుల వేషంలో వస్తారు, వీరి గాలానికి చిక్కేది కొత్తగా చేరినవారు. ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు, వైష్ణోదేవి నాణేనికి లక్షలు, సంవత్సరం కింద నక్షత్రం గుర్తుంటే లక్షలు అంటూ ప్రతి పోస్టు కిందా ఒకే వాక్యం అతికిస్తారు. ఫోను నంబరును అక్షరాల్లో కాక బొమ్మలో పెడతారు, అప్పుడు అడ్మిన్లు పెట్టుకున్న జల్లెడకు అది చిక్కదు. దాని కింద ‘నాకు డబ్బు వచ్చింది, ధన్యవాదాలు’ అని రాసే ఖాతాలు వేరే ఏ చర్చలోనూ కనిపించవు. నక్షత్రం అనేది హైదరాబాదు టంకశాల గుర్తు మాత్రమే, ముంబయికి వజ్రం, నోయిడాకు చుక్క ఉన్నట్టే. వైష్ణోదేవి నాణేలు ఆ దేవస్థానం బోర్డు రజతోత్సవానికి 2012లో చలామణి కోసం విడుదలైనవి, ఇప్పటికీ చిల్లరలో వస్తుంటాయి. ఈ బేరంలో చివరకు రిజిస్ట్రేషన్ ఫీజనీ, పన్ననీ, రిజర్వు బ్యాంకు అనుమతి చార్జీ అనీ అడుగుతారు. పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తమకు ఏ సంబంధమూ లేదని, వాటిమీద ఎలాంటి చార్జీగానీ కమీషన్‌గానీ తాము అడగబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4నే ప్రకటన ఇచ్చింది. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ కొట్టవలసిన అవసరం ఎన్నడూ ఉండదు. కొంటానన్నవాడు క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడంటే, వాడు ఇచ్చేవాడు కాదు, తీసుకుపోయేవాడు.

మన సీమలో ఇంకొక పాట బాగా పాడుతున్నారు. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు వెదుకుతారన్నది అందరికీ తెలిసిందే కాబట్టి, అక్కడే దున్నుతుంటే రాయలనాటి బంగారు వరాహాలు కుండతో సహా దొరికాయని, రహస్యంగా తక్కువకే ఇచ్చేస్తామని సందేశాలు వస్తున్నాయి. మట్టి పూసిన ఇత్తడి బిళ్లలు చూపించే మోసం ఇది. ఒకవేళ నిజమే అనుకున్నా, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి, గుట్టుగా కొన్నవారికీ చిక్కులు తప్పవు. ఈస్టిండియా కంపెనీ 1818లో ముద్రించిందని చెప్పి శ్రీరామ పట్టాభిషేకం, హనుమంతుడు ఉన్న అర్ధణా నాణేలు అమ్మేవారు కూడా ఈ వరుసలోని వారే. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ వేయలేదు. అవి తరువాతి కాలంలో తయారైన గుడి బిళ్లలు, పూజలో పెట్టుకుంటే అభ్యంతరం లేదు గానీ నాణెం ధర ఇవ్వవద్దు.

డబ్బు ఇప్పటికే పంపినవారు సిగ్గుపడి ఊరుకోకుండా, ఆలస్యం లేకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయండి. డబ్బు చేతులు మారేలోపు తెలిస్తేనే అవతలి బ్యాంకు ఖాతాను నిలిపివేయగలుగుతారు. యూపీఐ లావాదేవీ నంబరు, అవతలి యూపీఐ ఐడీ, ప్రొఫైల్ లింకు, సంభాషణ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. బ్లాక్ అయిన తరువాత ప్రొఫైల్ తెరుచుకోదు కాబట్టి లింకును ముందే కాపీ చేసుకోవడం మంచిది. నేను ఫిర్యాదు నమోదు చేశాను, నంబరు ఇచ్చారు, డబ్బు మాత్రం ఇంకా రాలేదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు.

అడ్మిన్లు ఆ నకిలీ ఖాతాను తీసేశారు. అయితే పెద్దాయన పేరు చివర చుక్క ఒకటి అదనంగా పెట్టి, అదే ఫోటోతో ఇంకొక ఖాతా ఈ వారం మళ్లీ కనిపించింది. ఆయన తన అసలు ఖాతాలో, తాను ఇన్‌బాక్స్‌లో ఎవరికీ ఏదీ అమ్మనని వాయిస్ పెట్టారు. ఆయన పేరుతో మీకు సందేశం వస్తే జవాబివ్వకుండా లింకును అడ్మిన్లకు పంపండి, వేరొకరి పేరుతో నటిస్తున్న ఖాతా అని ఫేస్‌బుక్‌కు రిపోర్టు చేయండి. ఇప్పటికే అడ్వాన్సు పంపిన మిత్రులు ఆ యూపీఐ ఐడీని ఇక్కడ కింద రాస్తే, అన్నీ ఒకే ఖాతాకు వెళ్లాయో లేదో చూసి నా ఫిర్యాదుకు జత చేస్తాను.