టైమ్ ట్రయల్ సైకిల్‌కు ఇంట్లోనే బిగించుకున్న ఎలక్ట్రానిక్ గేర్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీపడే రేసు) సైకిల్‌లో గేర్ మీటలు ఏరో బార్ల (ముంజేతులు ఆనించి వంగి పట్టుకునే, ముందుకు చాచిన బార్లు) కొసన ఉంటాయి, బ్రేకులేమో బేస్ బార్ (అడ్డంగా ఉండే హ్యాండిల్) మీద ఉంటాయి. కేబుళ్లతో నడిచే గేర్లయితే, మలుపు దగ్గర బ్రేకు వేయడానికి చేతులు కిందికి తెచ్చిన క్షణం నుంచి మళ్లీ ఏరో బార్లు అందుకునేదాకా ఉన్న గేర్‌లోనే తొక్కాలి. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీద నుంచి లేచి నిలబడ్డా అంతే. ఎలక్ట్రానిక్ గేర్లలో బ్రేకు లివర్ల దగ్గర కూడా గేర్ స్విచ్‌లు పెట్టుకోవచ్చు. నేను వాటికి మారడానికి ఇదొక్కటే కారణం. గేర్ ఎంత వేగంగా పడుతుందన్నది నా లెక్కలో తర్వాతి సంగతి, ఎందుకంటే చక్కగా సర్దిన కేబుల్ గేర్లు కూడా వేగంగానే పడతాయి.

నేను బిగించుకున్నది షిమానో సంస్థ ఎలక్ట్రానిక్ గేర్లు అల్టెగ్రా డీఐ2, వెనుక పదకొండు పళ్లచక్రాలుండే 11 స్పీడ్ తరానికి చెందిన వైర్ల సెట్. 2011లో అల్టెగ్రా 6770తో మొదలైన ఈ-ట్యూబ్ అనే వైర్ల పద్ధతిలో ఏ భాగం వైరునైనా ఏ పోర్టులోనైనా గుచ్చవచ్చు కాబట్టి, కరెంటు పనిలో అనుభవం లేనివారు కూడా భయపడనక్కర్లేదు. కానీ పోర్టులు లెక్క పెట్టుకోవాలి. ఏరో బార్ల కొసల్లో రెండు స్విచ్‌లు, బ్రేకు లివర్లలో రెండు, ఫ్రేమ్ లోపలికి వెళ్లే వైరు ఒకటి, మొత్తం ఐదు. అందుకే మామూలు రోడ్డు సైకిళ్లకు సరిపోయే మూడు పోర్టుల జంక్షన్ (వైర్లన్నీ కలిసే చిన్న పెట్టె) ఇక్కడ చాలదు, ఐదు పోర్టులది కావాలి. ఫ్రేమ్ లోపల ఉండే రెండో జంక్షన్‌కు నాలుగు పోర్టులు ఉంటాయి: ముందు నుంచి వచ్చే వైరు, బ్యాటరీ, ముందు డీరైలర్, వెనుక డీరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే భాగాలు).

ఈ పనిలో సింహభాగం వైర్లు దూర్చడమే. రెండు రోజుల పనిలో డీరైలర్లు బిగించడానికి పట్టింది గంటన్నర మాత్రమే. ఈ వైర్లు నిర్ణీత పొడవుల్లోనే వస్తాయి, కత్తిరించి అతకడం కుదరదు. నేను వెనుక డీరైలర్ వైరు పొడవును ఫ్రేమ్ బయట నుంచి టేపుతో కొలిచి తెప్పించుకున్నాను. లోపలి వంపుల వల్ల అది కొస దగ్గర బిగుసుకుపోయి, మరోటి తెప్పించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఒక దారాన్ని అసలు దారి వెంటే పోనిచ్చి, గుర్తు పెట్టి, బయటికి తీసి కొలుస్తున్నాను. దారం పోనివ్వడానికి నాకు పనికొచ్చిన ఉపాయం వాక్యూమ్ క్లీనర్: ఒక రంధ్రం దగ్గర దారం కొసకు చిన్న స్పాంజి ముక్క కట్టి, అవతలి రంధ్రం దగ్గర గాలి లాగితే అది లోపలి నుంచి వచ్చేస్తుంది. తర్వాత వైరు ప్లగ్గును దారానికి కట్టి, మెలిక పడకుండా మెల్లగా లాగాలి. పాత కేబుల్‌ను ముందే పీకేయకండి. దాని వెంటే దారాన్ని లాగితే సగం శ్రమ తప్పుతుంది.

అన్నిటికంటే ఇరుకైన చోటు బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్ ఇరుసు ఫ్రేమ్‌లో కూర్చునే చోటు. మూడు వైపుల నుంచి వైర్లు అక్కడికే చేరతాయి, వాటి మధ్యలో పెడల్ ఇరుసు తిరుగుతుంది. మొదటిసారి బిగించాక క్రాంక్ (పెడల్ చేయి) తిప్పితే, లోపల కాగితం గీసినట్టు సన్నటి శబ్దం వినిపించింది. విప్పి చూస్తే వెనుక డీరైలర్ వైరు ఇరుసును రాసుకుంటోంది. దాన్ని పక్కకు జరిపి, బేరింగుల మధ్య ప్లాస్టిక్ గొట్టం సరిగ్గా కూర్చునేలా చూశాకే మళ్లీ మూశాను. ఆ శబ్దాన్ని పట్టించుకోకపోయి ఉంటే కొన్ని వందల కిలోమీటర్లలోనే వైరు తెగిపోయేది.

ప్లగ్గులు గుచ్చడానికి చిన్న ప్లాస్టిక్ పనిముట్టు ఒకటి ఉంది, దాన్ని తప్పకుండా వాడండి. ప్లగ్గు పూర్తిగా కూర్చున్నప్పుడు ‘టక్’మని చేతికి తెలుస్తుంది. కుడి ఏరో బార్ వైరును నేను తొందరలో వేలితోనే నొక్కి వదిలేశాను. మూడు నెలల తర్వాత ఒక గతుకుల రోడ్డు మీద ఆ స్విచ్ పనిచేయడం మానేసింది. ఇంటికొచ్చి చూస్తే ప్లగ్గు సగం బయటికి జారి ఉంది. ఆ తర్వాత నాలుగేళ్లలో ఒక్క కనెక్షన్ కూడా ఊడలేదు.

మరో మాట: ఏరో బార్ల పొడవు, వాటి మీద మీ కూర్చునే తీరు ఖాయమయ్యాకే వైర్లు దూర్చండి. అప్పుడు కూడా బార్‌ను రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు జరుపుకునేంత వదులు ఉంచండి. నా ఫ్రేమ్‌లో సీటుపోస్ట్ (సీటును నిలబెట్టే గొట్టం) గుండ్రంగా కాక చదునుగా ఉండటంతో దాని లోపలి బ్యాటరీ గలగలలాడేది. చుట్టూ ఫోమ్ చుట్టి కూర్చోబెట్టాను.

ఇక వాడకం. 7.4 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్ అవర్ల ఈ బ్యాటరీ నాకు రెండు నెలలకు పైగా వస్తుంది, ఛార్జింగ్‌కు సుమారు గంటన్నర పడుతుంది. ఛార్జ్ అడుగంటినప్పుడు ముందు డీరైలర్ మొదట ఆగుతుంది, వెనుకది ఇంకొంత దూరం పనిచేస్తుంది. ఒకసారి దూరప్రయాణంలో ముందు డీరైలర్ కదలకపోవడంతో నాకు సంగతి అర్థమైంది. చిన్న చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్లచక్రం) మీదే ఇల్లు చేరాను. ఒకసారి నిలబెట్టిన సైకిల్ కుడివైపుకు పడిపోయి, వెనుక గేర్లు ఆగిపోయాయి. దెబ్బ తగిలినప్పుడు మోటారును కాపాడుకోవడానికి వెనుక డీరైలర్ మోటారు నుంచి తనంతట తానే విడిపోతుంది. జంక్షన్ మీది బటన్‌ను ఎర్ర దీపం మినుకుమినుకుమనేదాకా నొక్కి ఉంచి, క్రాంక్ తిప్పితే మామూలైంది.

ఏరో బార్ల కొసల్లో ఒక్కో వైపు ఒక్క బటనే ఉండటంతో నేను సింక్రో పద్ధతి వాడుతున్నాను: కుడి బటన్ గేర్ బరువు పెంచుతుంది, ఎడమది తగ్గిస్తుంది, ముందు చైన్‌రింగ్ ఎప్పుడు మారాలో యంత్రమే చూసుకుంటుంది. మొదట్లో సరిగ్గా ఎత్తు మొదలయ్యే చోటే చైన్‌రింగ్ మారిపోయి తొక్కుడు లయ చెడేది. ఈ-ట్యూబ్ యాప్‌లో ఆ మారే చోటును వెనుక ఒక పళ్లచక్రం అవతలికి జరిపాక ఇబ్బంది పోయింది. ఇప్పుడు మలుపుల్లో బ్రేకు లివర్ల మీద చేతులు ఉండగానే గేర్ తగ్గించి, లేచి తొక్కుతూ బయటపడతాను. నేను కోరుకున్నది అదే, అది పూర్తిగా దక్కింది.

పూర్తిగా వైర్‌లెస్ పద్ధతి కూడా ఉంది. శ్రామ్ సంస్థ ఈట్యాప్ 2015లో వచ్చింది, అందులో ఒక్కో డీరైలర్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది. ఫ్రేమ్‌లో వైర్లకు దారి లేనివారికీ, తరచూ సైకిల్‌ను విప్పి పెట్టెలో సర్దేవారికీ నేను దాన్నే సూచిస్తాను, ఎందుకంటే బేస్ బార్ తీసిన ప్రతిసారీ నేను ప్లగ్గులు ఊడదీయాలి. ప్రయాణానికి సర్దేటప్పుడు బ్యాటరీ వైరును కూడా తీసేస్తాను, లేకపోతే పెట్టెలో బటన్ నొక్కుకుపోయి బ్యాటరీ ఖాళీ అయిపోవచ్చు.

వైర్లే ఎంచుకునేవారు వెనుక డీరైలర్ వైరుతో పాటు ఒక గట్టి నైలాన్ దారాన్ని కూడా లాగి, రెండు కొసలనూ రంధ్రాల దగ్గర టేపుతో అతికించి వదిలేయండి. కిందటేడు నేను ఆ వైరు మార్చాల్సి వచ్చినప్పుడు, రెండేళ్లుగా లోపలే ఉన్న ఆ దారంతో పని పదిహేను నిమిషాల్లో ముగిసింది.