గాల్వెస్టన్‌లో జూన్‌టీన్త్: చూడవలసినవి, బస, భోజనం

హ్యూస్టన్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్ ద్వీపం కొత్త కాదు. పియర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకుని, అటునుంచి అటే సముద్రతీరానికి వెళ్లి, పిల్లలను ఆడించి, చీకటి పడేలోగా ఇల్లు చేరడం చాలామందికి అలవాటు. ఆ ద్వీపం మీదే, 1865 జూన్ 19న, టెక్సస్‌లో బానిసత్వంలో మగ్గుతున్న సుమారు 2,50,000 మందికి స్వేచ్ఛ వచ్చిందని జనరల్ గోర్డన్ గ్రేంజర్ సైన్యం ప్రకటించింది. లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరి 1 నుంచే అమలులో ఉన్నా, దానిని అమలు చేయించే సైన్యం అంత దూరం చేరనందువల్ల, టెక్సస్ యజమానులు మరో రెండున్నరేళ్లు ఆ మనుషుల చేత ఊరికే చాకిరీ చేయించుకున్నారు. ఆ ప్రకటన గుర్తుగా ఏటా జూన్ 19న జరిగే పండుగే జూన్‌టీన్త్. ఈ ద్వీపాన్ని ఒక్కసారైనా ఆ రోజున, ఇక్కడి నల్లజాతి సమాజం జరుపుకునే తీరులో చూడాలని మా కుటుంబం వెళ్లింది. వెళ్లదలచిన వారికి ఉపయోగపడతాయని ఆ వివరాలు రాస్తున్నాను.

ముందుగా స్ట్రాండ్ అనే వీధి, 22వ వీధి కలిసే కూడలికి వెళ్లడం మంచిది. అంతర్యుద్ధంలో గెలిచిన ఉత్తరాది పక్షపు (యూనియన్) సైన్యం కార్యాలయం ఉన్న ఆస్టర్‌మన్ భవనం ఇక్కడే ఉండేది. ఆ భవనం ఇప్పుడు లేదు. 2014లో పెట్టిన చారిత్రక ఫలకం ఉంది. దాని దగ్గరి గోడ మీద రెజినాల్డ్ ఆడమ్స్ బృందం వేసిన 5,000 చదరపు అడుగుల చిత్రాన్ని 2021 జూన్ 19న అంకితం చేశారు. జూన్‌టీన్త్ దేశమంతటికీ సెలవుదినమైంది కూడా ఆ సంవత్సరమే. చిత్రంలో 1528లో ఈ తీరానికి కొట్టుకొచ్చిన ఆఫ్రికన్ బానిస ఎస్తేవానికో, బానిసలను తప్పించి స్వేచ్ఛకు చేర్చిన హారియట్ టబ్‌మన్, నల్లజాతి సైనికులు, చివరకు వ్యోమగామి వరకు కనిపిస్తారు. దానికి పెట్టిన పేరు ‘సంపూర్ణ సమానత్వం’. ఆ మాటలు గ్రేంజర్ జారీ చేసిన మూడవ నంబరు ఉత్తర్వులోనివే. అయితే ఆ ఉత్తర్వును చివరి వరకు చదవాలని నా మనవి. స్వేచ్ఛ పొందినవారు ఉన్నచోటే నెమ్మదిగా ఉండి కూలికి పని చేసుకోవాలని, సోమరులుగా ఉంటే పోషించేది లేదని కూడా అందులో ఉంది. జీవితమంతా జీతం లేకుండా పని చేసినవారికి ఆ హెచ్చరిక వినిపించడం ఎంత అన్యాయమో మా పెద్దమ్మాయే ముందుగా అడిగింది.

బ్రాడ్‌వే మీద 1859 నాటి ఆష్టన్ విల్లా ప్రాంగణంలో పండుగనాటి ఉదయం ఆ ఉత్తర్వు చదువుతారు. ఈ రోజును టెక్సస్ రాష్ట్రం సెలవుదినంగా పాటించడం 1980లో మొదలైంది. అందుకు చట్టం తెచ్చిన శాసనసభ్యుడు ఆల్ ఎడ్వర్డ్స్ కృషికి గుర్తుగా ఇక్కడ ఒక కంచు విగ్రహం ఉంది. ఇల్లు సుందరమైనదే, ఆ ఇటుకల వెనుక బానిసల శ్రమ ఉందన్న ఎరుకతో చూడాలి.

ఈ యాత్రలో ఒక్కచోటికే వెళ్లగలిగితే ఎక్కడికని ఎవరైనా అడిగితే, రీడీ చాపెల్ అని తడుముకోకుండా చెబుతాను. 1848లో బానిసలు ఆరాధన కోసం కూడుకున్న చోటు ఇది. విముక్తి తరువాత నల్లజాతివారి స్వంత చర్చి అయింది. 1885 అగ్నిప్రమాదంలో పాత కట్టడం పోతే మళ్లీ కట్టుకున్నారు. ఆ కట్టడం 1900 నాటి పెనుతుపానుకు దెబ్బతిన్నా నిలబడింది. జూన్‌టీన్త్ సాయంత్రం పాత కోర్టు భవనం నుంచి ఇక్కడి వరకు ఊరేగింపుగా నడుస్తారు. తాతలు, మనవలు, చర్చి మహిళలు, బయటి నుంచి వచ్చినవారు అందరూ కలిసి నడిచారు. మమ్మల్ని ఎవరూ ఎవరని అడగలేదు. లోపల ఒక పెద్దావిడ జరిగి మాకు చోటిచ్చి, పాటల కాగితం మా చిన్నవాడి చేతిలో పెట్టారు. బృందగానం మొదలయ్యాక వాడు కూర్చోలేదు. ప్రవేశ రుసుము లేదు; విరాళం ఇవ్వడం మర్యాద. ఇది ఆరాధనా స్థలం గనుక అడగకుండా ఫోటోలు తీయవద్దు.

బస విషయానికి వస్తే, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో మొదట దిగాము. గది శుభ్రంగానే ఉంది, కానీ ఎ.సి. రాత్రంతా మొరాయించింది, జూన్ నెల ఉక్కలో పిల్లలతో అది చిన్న ఇబ్బంది కాదు. పైగా సీవాల్ (సముద్రపు గోడ వెంబడి రోడ్డు) మీద కారు నిలపడానికి యాప్‌లో వేరే రుసుము కట్టాలి. తరువాత స్ట్రాండ్ దగ్గరి పాత భవనంలోని బసకు మారాము. అద్దె ఎక్కువే అయినా పైన చెప్పిన చోట్లన్నీ నడకదూరంలోకి వచ్చాయి. వృద్ధులు వెంట ఉంటే మధ్యాహ్నం పూట తిరగకుండా గదిలో విశ్రాంతి తీసుకోవడం అవసరం.

శాకాహారులు కొంత జాగ్రత్త పడాలి. పండుగ భోజనమంటే పొగమీద కాల్చిన మాంసమే ప్రధానం. చిక్కుడు గింజల కూరలో, ఆకుకూరలో కూడా తరచుగా పంది మాంసం ఉంటుంది, కనుక అడిగి తినాలి. పుచ్చకాయ, మొక్కజొన్న, ఎర్రని పానీయాలు అందరికీ దొరుకుతాయి. ఈ పండుగనాడు ఎర్రని పానీయం తాగడం పశ్చిమ ఆఫ్రికాలో గోంగూర జాతి మొక్క ఎర్రని పుష్పకోశాలతో కాచే పానీయం నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు. ఆ మొక్కది మూలంగా ఆఫ్రికాయే గనుక, గోంగూర పచ్చడితో పెరిగిన మనకు ఆ గ్లాసు పరాయిదిగా అనిపించదు.

తిరుగు ప్రయాణంలో హ్యూస్టన్ థర్డ్ వార్డ్‌లోని ఇమాన్సిపేషన్ పార్కు దగ్గర తప్పక ఆగండి. ఒకనాటి బానిస, తరువాత చర్చి బోధకుడైన జాక్ యేట్స్, ఆయన తోటివారు 1872లో చందాలు పోగుచేసి, జూన్‌టీన్త్ జరుపుకోవడానికే ఈ 10 ఎకరాలు కొన్నారు. అప్పటికి వారికి స్వేచ్ఛ వచ్చి ఏడేళ్లు. నీడ, మరుగుదొడ్లు, పిల్లల ఆటస్థలం అన్నీ ఉన్నాయి. జూన్ నెలలో గాల్వెస్టన్ దాకా వెళ్లలేని కుటుంబాలు ఈ పార్కులో జరిగే వేడుకకైనా పిల్లలను తీసుకువెళ్లాలి.