బ్రష్ కట్టర్: కార్బురేటర్ మార్చే ముందు ఆ జానెడు పైపు చూడండి

52 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ గడ్డి కోత మిషన్, భుజానికి బెల్టు వేసుకుని పట్టుకునే సైడ్ ప్యాక్ రకం. పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ వైపు ఏ ఊరి గట్ల మీద చూసినా ఇదే కనబడుతోంది కాబట్టి దాని గుణగణాలు మళ్లీ చెప్పను. చెప్పాల్సింది పెట్రోల్ పైపు గురించే. ఇంత గట్టి ఇంజన్ ఇచ్చి, ట్యాంకు నుంచి కార్బురేటర్‌కు పోయే జానెడు పైపు దగ్గర కక్కుర్తి పడ్డారు. ఈ మిషన్ మీద నాకున్న కోపమంతా దాని మీదే.

రెండో వానాకాలం నడుమ మొదలైంది. చోక్ మీద తాడు లాగితే లేస్తుంది, ఐడిల్‌లో బాగానే తిరుగుతుంది, రేసు ఇవ్వగానే నొక్కుకుపోయి ఆగిపోతుంది. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఏ రోగమూ లేదు. సగానికి దిగిందంటే మొండికేస్తుంది. ఈ రెండో లక్షణాన్ని రిపేరు షాపుల్లో ఎవరూ అడగరు. రేసుకు ఆగుతోంది అనగానే ‘కార్బురేటర్ పోయింది, కొత్తది వేద్దాం’ అంటారు. వేశారు కూడా. ట్యాంకు నింపి నడిపి చూపిస్తే బ్రహ్మాండంగా నడిచింది, నిండు ట్యాంకు మీద అది ఎలాగూ నడుస్తుంది కదా! గట్టు మీదికి తీసుకెళ్లి కాసేపు కోశాక మళ్లీ అదే కథ.

అసలు సంగతి ఇది. పైపు ట్యాంకులోకి దిగే రంధ్రం బిగువుగా ఉంటుంది. ఇంజన్ వణుకంతా ఆ అంచు దగ్గర పైపు మీద పడుతుంది. సరిగ్గా అక్కడే, ట్యాంకు లోపలి వైపు, పైనుంచి చూస్తే కనబడని చోట వెంట్రుకంత పగులు వస్తుంది. పెట్రోల్ నిండుగా ఉంటే పగులు మునిగి ఉంటుంది కాబట్టి గాలి లాగదు. మట్టం దిగగానే పగులు బయటపడి, పెట్రోల్‌తో పాటు గాలీ కార్బురేటర్‌లోకి పోతుంది. ఐడిల్‌కు ఆ కొంచెం పెట్రోల్ సరిపోతుంది, రేసుకు చాలదు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. నాసిరకం రబ్బరును అది మొదట ఉబ్బిస్తుంది, ఆరాక గట్టిపడేలా చేసి పెళుసెక్కిస్తుంది. పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది. వానాకాలంలో నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ వదిలేస్తే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగున విడిగా చేరతాయి. పెట్రోల్‌లో కలిపి పోసే టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ ఆ పొరలో ఉండదు, పెట్రోల్ లాగే ఫిల్టర్ ఉండేదేమో సరిగ్గా అడుగునే.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. ట్యాంకు సగానికి తగ్గించి ప్రైమర్ బల్బును (పెట్రోల్ ఎక్కించడానికి వేలితో నొక్కే బుడ్డను) పది పన్నెండు సార్లు నొక్కండి. పైపు బాగుంటే బల్బు నిండా పెట్రోలే కనబడుతుంది. ఎంత నొక్కినా బుడగలు వస్తూనే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది. అప్పుడు పైపు దిగే వైపుకు మిషన్ వంచి, పగులు ఉండే చోటు పెట్రోల్‌లో మునిగేలా పట్టుకుని మళ్లీ నొక్కండి. బుడగలు ఆగితే దొంగ దొరికినట్టే. మూత కొంచెం వదులు చేయగానే మిషన్ బాగవుతుంటే మాత్రం పైపుది కాదు, మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయింది. ఆగిపోకుండా, ఫుల్ రేసులో బలం మాత్రమే తగ్గితే సైలెన్సర్ లోపలి జాలీకి మసి పట్టి ఉంటుంది. ప్లగ్గు నల్లగా తడిగా ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ కడగండి.

పైపు మార్చడం కష్టమేమీ కాదు. పాత ముక్క చూపించి అదే మందంలో ఇథనాల్‌కు తట్టుకునే పైపు అడగండి. కొసను ఏటవాలుగా, పొడుగు ముక్కులా కోసి, చుక్క టూటీ ఆయిల్ రాసి బయటి నుంచి రంధ్రంలోకి తొయ్యాలి. ముక్కు లోపల కనబడగానే వంచిన తీగతో ట్యాంకు మూతి దాకా లాగి, ఏటవాలు కొస కోసేసి ఫిల్టర్ తొడిగి లోపలికి వదలాలి. మిషన్ ఎటు వంచినా ఫిల్టర్ అడుగుకు చేరేంత పొడుగు ఉంచండి. ఫిల్టర్ ఉన్న పైపు కార్బురేటర్‌లోకి పోయేది, రెండోది ప్రైమర్ నుంచి ట్యాంకుకు తిరిగొచ్చేది. ఇవి తారుమారైతే బల్బు ఎంత నొక్కినా పెట్రోల్ రాదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘సగం చోక్ పెట్టి పని కానివ్వు’ అనే సలహా వినకండి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే. పైపు పగులు అలాగే ఉండి గాలి ఎక్కువైన చోట ఆయిల్ తక్కువైనట్టే, ఫుల్ రేసులో పిస్టన్ పట్టేస్తుంది. ఈ మిషన్ పుస్తకంలో లీటరుకు 40 మి.లీ. టూటీ ఆయిల్ అని ఉంది. పొగ తగ్గుతుందని అందులో కోత పెట్టడం కూడా అంతే ప్రమాదం.

నైలాన్ తాడు హెడ్డును కొత్తలో తెగ మెచ్చుకున్నాను. గరికకు, ఇంటి చుట్టూ గడ్డికి ఇప్పటికీ దానికి సాటి లేదు. చెల్క గట్ల రాళ్ల మధ్య మాత్రం తాడు నిలవదు, ముదిరిన వయ్యారిభామ కాడకు మూడు పళ్ల బ్లేడే దిక్కు. అదైనా పూత రాకముందే, చేతులూ మొహమూ కప్పుకుని కోయాలి, లేకపోతే దద్దుర్లు. మన ఎండలకు చుట్ట ఎండి తాడు పుటుక్కున తెగుతుంటే రాత్రంతా నీళ్లలో నానబెట్టి చూడండి, మళ్లీ మెత్తబడి చాలాసేపు ఆగుతుంది. బ్లేడు నట్టుకు ఎడమ మర, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. గేర్ హెడ్డులో ఇరవై ఇరవై అయిదు గంటల పనికోసారి గ్రీజు నింపితే దాని జోలికి మళ్లీ పోనక్కర్లేదు.

కొనొచ్చా అంటే, మామిడి తోట, పొలం గట్లు కలిపి నాలుగైదు ఎకరాలుండి, కోతకు మనుషులు దొరకని వాళ్లకు నేను కొనమనే చెబుతాను. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, కార్బురేటర్ ఎండబెట్టే ఓపిక ఉండాలి. రెండేళ్లకోసారి పైపు ముందుగానే మార్చేయడం మేలు. హన్మకొండలో ఇంటి వెనక గుంటెడు జాగా ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి ఎందుకు, కరెంటు మిషన్ చాలు.